క్వాంటం ఇన్ఫర్మేషన్‌లో మాస్టర్స్: ఐదు దారుల్లో మీకు సరిపోయేది ఏది?

కంప్యూటర్ సైన్స్ చదివి క్వాంటం వైపు వెళ్లాలనుకునేవాళ్ల ముందు ఇప్పుడు ఐదు దారులున్నాయి. కంప్యూటర్ సైన్స్ విభాగంలోనే క్వాంటం ఇన్ఫర్మేషన్ స్పెషలైజేషన్‌తో థీసిస్ మాస్టర్స్ ఒకటి. అదే విభాగంలో థీసిస్ లేకుండా కోర్సులతో ముగిసే మాస్టర్స్ రెండోది. క్వాంటం పేరుతోనే పెట్టిన ప్రత్యేక డిగ్రీ మూడోది. ఫిజిక్స్ లేదా ఎలక్ట్రికల్ విభాగం నుంచి వెళ్లడం నాలుగోది. క్వాంటం ఊసే లేని మామూలు కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేసి, పక్క తలుపులోంచి ఈ రంగంలోకి రావడం ఐదోది.

బ్రోషర్లు చూసి వీటి మధ్య తేడా పట్టుకోవడం కష్టం. అన్నింట్లోనూ క్వాంటం చిప్‌లను చల్లబరిచే అవే బంగారు రంగు ఫ్రిజ్‌ల ఫొటోలు, అవే ఊరింపులు. అసలు తేడా రెండో ఏడాదిలో బయటపడుతుంది: అప్పుడు మీరు ఎవరి దగ్గర, ఏ పని మీద కూర్చుంటారు? డిగ్రీ పేరుకన్నా ఈ ప్రశ్నకే ఎక్కువ బరువు ఇచ్చి ఐదు దారులనూ పోల్చి చూద్దాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

### చదువయ్యాక ఏ పని చేస్తారు?

క్వాంటం రంగంలో ఉద్యోగాలు స్థూలంగా నాలుగు రకాలు. వాటికి కావాల్సిన చదువులు ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు.

మొదటిది సిద్ధాంతం, అంటే కొత్త అల్గారిథమ్‌లు, కాంప్లెక్సిటీ, క్వాంటం క్రిప్టోగ్రఫీ. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కునే అల్గారిథమ్ ఇచ్చారు, 1996లో లవ్ గ్రోవర్ వెతుకులాట అల్గారిథమ్ ఇచ్చారు. అంత ప్రభావం చూపినవి ఆ తర్వాత చాలా తక్కువ. ఈ పనికి పీహెచ్‌డీ తప్పదు. మాస్టర్స్ దానికి ఒక మెట్టు, అంతే.

రెండోది సాఫ్ట్‌వేర్. సర్క్యూట్ కంపైలర్లు, సిమ్యులేటర్లు, ఎర్రర్ కరెక్షన్ డీకోడర్లు (తనిఖీ ఫలితాలను చూసి ఏ తప్పు జరిగిందో లెక్కగట్టేవి), యంత్రాన్ని నడిపే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఇందులోకి వస్తాయి. మాస్టర్స్‌తో నేరుగా ఉద్యోగంలోకి వెళ్లగలిగే చోటు ఎక్కువగా ఇదే. క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్ వాడే బిట్. అతి చలిలో నిరోధం లేకుండా నడిచే సర్క్యూట్లతో చేసిన సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లలో ఎర్రర్ తనిఖీ ఒక్కో విడతకు సుమారు ఒక మైక్రోసెకను పడుతుంది. డీకోడర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే పని పేరుకుపోయి మొత్తం యంత్రం ఆగాల్సి వస్తుంది. కాబట్టి ఇక్కడ సీ ప్లస్ ప్లస్, రస్ట్, ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) తెలిసినవాళ్లకు గిరాకీ ఉంటుంది.

మూడోది హార్డ్‌వేర్. అది ఫిజిక్స్, ఎలక్ట్రికల్ వాళ్ల రాజ్యం. కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో చిప్ తయారీలోకి వెళ్లడం దాదాపు కుదరదు.

నాలుగోదాన్ని చాలామంది క్వాంటం అనుకుంటారు గానీ దానికి క్వాంటం దాదాపు అక్కర్లేదు. క్వాంటం కంప్యూటర్లు వచ్చినా విరగని ఎన్‌క్రిప్షన్‌కు (పోస్ట్ క్వాంటం క్రిప్టోగ్రఫీ) మారడమే ఆ పని. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఇందుకోసం ఫిప్స్ 203, 204, 205 అనే మూడు ప్రమాణాలు ప్రకటించింది. మొదటి రెండూ లాటిస్ (క్రమంగా పేర్చిన బిందువుల జాలకం) గణితం మీద, మూడోది హ్యాష్ ఫంక్షన్ల మీద ఆధారపడినవి. మూడూ మామూలు కంప్యూటర్ల మీదే నడుస్తాయి. బ్యాంకులు, ఫోన్లు, బ్రౌజర్లు, కార్డులు అన్నీ వీటికి మారాలి కాబట్టి ఈ పని చాలా ఏళ్లు సాగుతుంది.

### లెక్కలు ఏ మేరకు వచ్చు?

చేరాక ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది ఫిజిక్స్ రాక ఇబ్బంది పడరు. లీనియర్ ఆల్జీబ్రా చేతిలో ఆడకపోవడం వల్ల పడతారు. మీ పరిస్థితి తెలుసుకోవడానికి కాగితం మీద ఈ మూడు మెట్ల లెక్క చేసి చూడండి.

ఒకటి: రెండు క్యూబిట్లు, రెండూ సున్నా స్థితిలో ఉన్నాయి. మొదటిదానికి హాడమార్డ్ గేటు (సున్నాను సున్నా, ఒకటిల సమాన సూపర్‌పొజిషన్‌గా మార్చేది) వేసి, తర్వాత మొదటిదాన్నే కంట్రోల్‌గా పెట్టి సీనాట్ గేటు (కంట్రోల్ ఒకటి అయితే రెండోదాన్ని తిప్పేది) వేయండి. ఫలితం నాలుగు అంకెల వెక్టర్‌గా (1, 0, 0, 1) రావాలి, మొత్తాన్ని రూట్ 2తో భాగించి.

రెండు: ఇప్పుడు రెండో క్యూబిట్‌ను వదిలేసి, మొదటిదాని డెన్సిటీ మాట్రిక్స్ (ఆ ఒక్క భాగం స్థితిని చెప్పే మాట్రిక్స్) ఒక్కటే రాయండి. వికర్ణం మీద రెండు చోట్లా 1/2, మిగతా రెండు చోట్లా సున్నా రావాలి. అంటే దాన్ని ఒంటరిగా కొలిస్తే వచ్చేది ఉత్త యాదృచ్ఛికం.

మూడు: ఎవరో నాణెం ఎగరేసి, బొమ్మ పడితే రెండు క్యూబిట్లనూ సున్నాలో, బొరుసు పడితే రెండింటినీ ఒకటిలో పెట్టి ఇచ్చారనుకోండి. దానికీ పై స్థితికీ తేడా ఎలా పట్టుకుంటారు? మామూలుగా కొలిస్తే రెండింట్లోనూ జవాబులు జతగానే వస్తాయి. రెండు క్యూబిట్లకూ హాడమార్డ్ వేసి కొలవాలి. పై స్థితిలో జవాబులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. నాణెం వ్యవహారంలో సగం సార్లే కలుస్తాయి.

మూడు మెట్లూ సొంతంగా ఎక్కగలిగితే ఏ ప్రోగ్రాంలో అయినా మొదటి సెమిస్టర్ గట్టెక్కుతారు. ఒకటో మెట్టు దగ్గరే ఆగితే చేరేలోపు మూడు, నాలుగు నెలలు లీనియర్ ఆల్జీబ్రాకు కేటాయించండి. టెన్సర్ ప్రోడక్ట్, ట్రేస్, ఐగెన్ విలువలు, యూనిటరీ, హెర్మిషియన్ మాట్రిక్స్‌లు, వీటితో పాటు ప్రాబబిలిటీ. ష్రోడింగర్ సమీకరణం జోలికి అప్పుడే పోనక్కర్లేదు. హార్డ్‌వేర్ అమలు గురించిన కోర్సు వచ్చినప్పుడు దాని అవసరం పడుతుంది.

### గైడ్లు, డబ్బు, వెనక్కి వచ్చే దారి

విభాగంలో క్వాంటం మీద పనిచేసే ప్రొఫెసర్ ఒక్కరే ఉంటే ఆ ప్రోగ్రాంలో క్వాంటం స్పెషలైజేషన్ ఉన్నట్టు లెక్కించకండి. ఆయన సెలవు మీద వెళ్లినా, కంపెనీకి మారినా మీ థీసిస్ గాల్లో దీపమే. ముగ్గురు ఉంటే ధైర్యంగా అడుగు వేయవచ్చు.

డబ్బు విషయంలో మోటుగా ఒక సూత్రం ఉంది. థీసిస్ ఉన్న ప్రోగ్రాంలలో, ముఖ్యంగా ఉత్తర అమెరికాలో, బోధన సహాయకుడిగానో పరిశోధన సహాయకుడిగానో జీతం దొరికే అవకాశం ఉంటుంది. కోర్సులతో ముగిసే డిగ్రీల్లోనూ, కొత్తగా పెట్టిన వృత్తి తరహా క్వాంటం డిగ్రీల్లోనూ ఫీజు మీరే కట్టుకోవాలి.

క్వాంటం ఉద్యోగాల సంఖ్య మామూలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఇప్పటికీ చిన్నదే. అక్కడ దొరక్కపోతే ఈ డిగ్రీతో ఇంకేం చేయగలను అని ముందే అడగడం పిరికితనం కాదు. అప్పు చేసి చదివేవాళ్లు మొదట అడగాల్సింది అదే.

## ఒక్క చూపులో

| దారి | థీసిస్ | ముందే ఉండాల్సింది | ఖర్చు | బాగా సరిపోయే పని | మామూలు సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగి రావడం |
|---|---|---|---|---|---|
| సీఎస్ (కంప్యూటర్ సైన్స్) విభాగం, థీసిస్‌తో | ఉంటుంది | అల్గారిథమ్‌లు, గట్టి లెక్కలు | సాయం దొరకొచ్చు | సిద్ధాంతం, సాఫ్ట్‌వేర్ | సులువు |
| సీఎస్ విభాగం, కోర్సులతో | ఉండదు, లేదా చిన్న ప్రాజెక్టు | సీఎస్ డిగ్రీ | ఎక్కువగా సొంత ఖర్చు | సాఫ్ట్‌వేర్ | చాలా సులువు |
| ప్రత్యేక క్వాంటం డిగ్రీ | చాలా చోట్ల ఉంటుంది | లెక్కలు, కొంత ఫిజిక్స్ | చోటును బట్టి | సాఫ్ట్‌వేర్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య పని | వివరించి ఒప్పించాలి |
| ఫిజిక్స్ / ఎలక్ట్రికల్ | ఉంటుంది | క్వాంటం మెకానిక్స్ లేదా సర్క్యూట్లు | సాయం దొరకొచ్చు | హార్డ్‌వేర్ | కష్టం |
| మామూలు సీఎస్, పక్క తలుపు | మీ ఇష్టం | సీఎస్ డిగ్రీ | ప్రోగ్రాంను బట్టి | భద్రత, సిమ్యులేషన్, కంపైలర్లు | మీరు అక్కడే ఉన్నారు |

## కంప్యూటర్ సైన్స్ విభాగంలో థీసిస్ మాస్టర్స్

ఈ పద్ధతికి బాగా తెలిసిన నమూనా కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం. అక్కడ 2002లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్వాంటం కంప్యూటింగ్ ఉంది. విద్యార్థి ప్రవేశం మాత్రం ఆ సంస్థలోకి కాదు, ఒక సొంత విభాగంలోకి ఉంటుంది: కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్, ఎలక్ట్రికల్, గణితం వంటివి. క్వాంటం కోర్సులు అందరికీ ఉమ్మడి. మీ విభాగం పెట్టే షరతులు అదనం. అక్కడ కంప్యూటర్ సైన్స్ గణిత ఫ్యాకల్టీ కిందకు వస్తుంది కాబట్టి డిగ్రీ పేరు మాస్టర్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అని ఉంటుంది. అది చూసి కంగారు పడేవాళ్లున్నారు. బ్రాకెట్లో కంప్యూటర్ సైన్స్, క్వాంటం ఇన్ఫర్మేషన్ ఉన్నాయా లేదా అన్నది చూసుకుంటే చాలు.

ఈ దారిలో మీరు కంప్యూటర్ సైన్స్ వాళ్లుగానే మిగులుతారు. అది చిన్న లాభం కాదు. 2018లో ఈవిన్ టాంగ్ డిగ్రీ విద్యార్థినిగా ఉండగానే, సిఫారసు వ్యవస్థల కోసం వచ్చిన ఒక క్వాంటం అల్గారిథమ్‌కు దాదాపు సాటిగా పనిచేసే మామూలు అల్గారిథమ్ కనిపెట్టింది. దాంతో అప్పటిదాకా ఘాతీయమనుకున్న క్వాంటం వేగం అక్కడ మాయమైంది. ఆ పనికి వాడిన ఆయుధాలు శాంప్లింగ్, ర్యాండమైజ్డ్ లీనియర్ ఆల్జీబ్రా. పక్కా కంప్యూటర్ సైన్స్ సరుకు. క్వాంటం వేగం నిజమా కాదా తేల్చాలంటే మామూలు కంప్యూటర్ ఎంత దూరం వెళ్లగలదో తెలిసి ఉండాలి. ఆ శిక్షణ ఈ విభాగంలో దొరికినంతగా వేరే చోట దొరకదు.

ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. గైడ్ ఒప్పుకుంటేనే సీటు అనే పద్ధతి చాలా చోట్ల ఉంది, ఒక్కో గైడ్ ఏటా తీసుకునేది ఒకరినో ఇద్దరినో. మార్కులు బాగున్నా ఆ ఏడాది ఆయనకు నిధులు లేకపోతే తలుపు మూసేసినట్టే. ఇంకొకటి, విభాగం బ్రెడ్త్ షరతులు. సిస్టమ్స్‌లో ఒకటి, ఏఐలో ఒకటి అని తప్పనిసరి కోర్సులు ఉంటాయి. వాటిని మొదటి సెమిస్టర్‌లోనే వదిలించుకోకపోతే థీసిస్ రాసే సమయంలో మెడకు చుట్టుకుంటాయి.

## కోర్సులతో ముగిసే మాస్టర్స్

ఏడాది నుంచి ఏడాదిన్నరలో అయిపోతుంది, ప్రవేశం కాస్త సులువు, ఉద్యోగ మార్కెట్లో డిగ్రీకి విలువ ఉంటుంది. చిక్కల్లా క్వాంటం కోర్సుల సంఖ్యతోనే. ఒక పరిచయ కోర్సు, ఒక అడ్వాన్స్‌డ్ కోర్సు, అదృష్టముంటే ఒక సెమినార్. అడ్వాన్స్‌డ్ కోర్సును రెండేళ్లకోసారి నడిపే చోట్లు తక్కువేం కాదు. మీరు ఉండే ఏడాది కాలంలో అది రాకపోతే మీ క్వాంటం స్పెషలైజేషన్ ఒక్క కోర్సుకు కుదించుకుపోతుంది. కేటలాగ్‌లో పేరు చూసి మోసపోకండి. గత మూడేళ్ల టైమ్‌టేబుళ్లు తీసి, ఆ కోర్సు నిజంగా ఎన్నిసార్లు నడిచిందో చూడండి. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాట ఇక్కడ తరచూ నిజమవుతుంది.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఈ దారి తీసుకోకండి. పరిశోధన చూసిన మనిషి రాసే సిఫారసు లేఖ మీకు దొరకదు.

## క్వాంటం పేరుతో ఉన్న ప్రత్యేక డిగ్రీ

గత కొన్నేళ్లలో ఎక్కువగా పెరిగినవి ఇవే. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం 2019లో ఫిజిక్స్ విభాగం కింద క్వాంటం కంప్యూటింగ్ మాస్టర్స్ మొదలుపెట్టింది. యూరప్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ క్వాంటం ఇంజినీరింగ్, మ్యూనిక్‌లో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే క్వాంటం సైన్స్ అండ్ టెక్నాలజీ, డెల్ఫ్ట్‌లో క్వాంటం ఇన్ఫర్మేషన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉన్నాయి. యూరప్ డిగ్రీలు చాలావరకు రెండేళ్లు, 120 ఈసీటీఎస్ (యూరప్ ఉమ్మడి కొలమానం) క్రెడిట్లు. ఏడాదికి 60 చొప్పున లెక్క. థీసిస్‌కు అందులో ఒక పెద్ద ముక్క పోతుంది.

వీటి బలం విస్తృతి. ఒకే తరగతిలో ఫిజిక్స్ వాళ్లు, ఎలక్ట్రికల్ వాళ్లు, సీఎస్ వాళ్లు కలిసి కూర్చుంటారు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్, కాలిబ్రేషన్ (యంత్రం సెట్టింగులు సరిచూసి దిద్దడం), ఎర్రర్ కరెక్షన్ అమలు లాంటి పనుల్లో రెండు వైపుల భాషా తెలిసినవాళ్లు కావాలి. అలాంటివాళ్లను తయారుచేసేందుకు ఇది సరైన చోటు.

బలహీనత కూడా అక్కడే ఉంది. సీఎస్ నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ ఫిజిక్స్ అందుకోవడంతోనే గడిచిపోతుంది. కంపైలర్లు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, కాంప్లెక్సిటీ లాంటివి చదివే ఖాళీ దొరకదు. జాగ్రత్తగా ఎంచుకోకపోతే హార్డ్‌వేర్ కంపెనీ దృష్టిలో ఫిజిక్స్ తక్కువ, సాఫ్ట్‌వేర్ కంపెనీ దృష్టిలో సాఫ్ట్‌వేర్ తక్కువ. రెంటికీ చెడ్డ రేవడి పరిస్థితి. దీనికి మందు ఎలక్టివ్‌లలో ఉంది: కనీసం సగం ఎలక్టివ్‌లు ఒకే వైపు, అల్గారిథమ్‌లైతే అల్గారిథమ్‌లు, ఎలక్ట్రానిక్స్ అయితే ఎలక్ట్రానిక్స్ తీసుకుని ఒక వైపు లోతు చూపించాలి.

దరఖాస్తుకు ముందు ప్రోగ్రాం ఏ విభాగం కింద ఉందో చూడండి. ఫిజిక్స్ కింద ఉంటే క్వాంటం మెకానిక్స్ కోర్సు చేసి ఉండాలన్న షరతు పెట్టొచ్చు. కంప్యూటర్ సైన్స్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో అది ఉండదు. కొన్నిచోట్ల చేరాక అదనపు కోర్సులు చేయిస్తామని షరతుతో తీసుకుంటారు. ఆ అదనపు క్రెడిట్లు డిగ్రీ లెక్కలోకి రాకపోతే మీ కాలం అర ఏడాది దాకా పెరిగినట్టే.

## ఫిజిక్స్, ఎలక్ట్రికల్ వైపు నుంచి

హార్డ్‌వేర్ చేయాలని గట్టిగా ఉన్నవాళ్లకు తప్ప సీఎస్ వాళ్లకు దీన్ని సూచించలేం. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు పనిచేయాలంటే 10 నుంచి 20 మిల్లీకెల్విన్‌ల చలి, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు కాస్తంత పైన, కావాలి. ఆ ఫ్రిజ్ చల్లబడటానికే రోజులు పడుతుంది. చిప్‌లో ఒక లోపం కనబడితే మళ్లీ వేడి చేసి, తీసి, సరిచేసి, మళ్లీ చల్లబరచాలి. ఇలాంటి మూడు చక్రాలు తిరిగేసరికి ఒక నెల కరిగిపోతుంది. అందుకే ప్రయోగశాల థీసిస్‌లు గడువు దాటడం సర్వసాధారణం.

ఇంకో సంగతి. 2024లో అమెరికా, బ్రిటన్, కెనడా వంటి దేశాలు క్వాంటం కంప్యూటర్లను, వాటికి సంబంధించిన సాంకేతికతను ఎగుమతి నియంత్రణ కిందకు తెచ్చాయి. హార్డ్‌వేర్ ల్యాబుల్లో పౌరసత్వం అడ్డువచ్చే పనులు ఉండొచ్చు. విదేశంలో చదవబోయేవాళ్లు గైడ్‌ను ఈ ప్రశ్న సూటిగా అడగడం మంచిది.

## మామూలు సీఎస్, పక్క తలుపు

చెప్పకపోతే ఎవరూ పట్టించుకోని దారి ఇది. హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్, కంపైలర్లు, క్రిప్టోగ్రఫీ: వీటిలో ఏదైనా ఒకదాంట్లో గట్టి మాస్టర్స్ చేసి, క్వాంటం కోర్సు ఒకటి రెండు కలుపుకుంటే చాలా క్వాంటం సాఫ్ట్‌వేర్ బృందాలకు మీరు పనికొస్తారు.

కారణం లెక్కలోనే కనిపిస్తుంది. ఎన్ని క్యూబిట్లను సిమ్యులేట్ చేయగలమో మెమొరీ తేలుస్తుంది. 30 క్యూబిట్ల స్థితిలో 2 ఘాతం 30 కాంప్లెక్స్ సంఖ్యలుంటాయి, ఒక్కోదానికి 16 బైట్లు, మొత్తం 16 గిగాబైట్లు. ఒక్క క్యూబిట్ పెంచితే 32 గిగాబైట్లు. 40 క్యూబిట్లకు 16 టెరాబైట్లు. ఇక్కడ మెమొరీ అమరిక, జీపీయూల మధ్య డేటా ప్రవాహం తెలిసిన ఇంజినీరు చేసే మేలు క్వాంటం సిద్ధాంతి చేయలేడు.

భద్రత వైపు ఆసక్తి ఉంటే ఈ దారి మరీ మేలు. లాటిస్ క్రిప్టోగ్రఫీ, సైడ్ చానెల్ దాడులు, ప్రోటోకాల్ డిజైన్ చదివినవాళ్లకు ఫిప్స్ 203కు మార్చే పని ఇప్పటికే ఉంది. క్వాంటం కంప్యూటర్ ఎప్పుడు వస్తుందన్న ఎదురుచూపు అక్కర్లేదు.

## థీసిస్ అంశం: మునిగేదీ తేలేదీ ఇక్కడే

థీసిస్‌కు చేతిలో ఉండేది ఎనిమిది నుంచి పన్నెండు నెలలు. అందులో మొదటి రెండు నెలలు చదవడానికి, చివరి రెండు రాయడానికి పోతాయి. మిగిలినంతలో పట్టేవి, పట్టనివి ఇవి.

ఎర్రర్ కరెక్షన్ సిమ్యులేషన్ బాగా పడుతుంది. స్టిమ్, పైమ్యాచింగ్ లాంటి ఉచిత సాధనాలున్నాయి, మామూలు ల్యాప్‌టాప్ మీదే పని మొదలుపెట్టవచ్చు. సర్ఫేస్ కోడ్ అంటే క్యూబిట్లను గడుల్లో పేర్చి తప్పులు పట్టే పద్ధతి. డిస్టెన్స్ 7 (ఒక్కో వైపు 7 డేటా క్యూబిట్లు) ఉన్న సర్ఫేస్ కోడ్‌కు 49 డేటా క్యూబిట్లు, 48 తనిఖీ క్యూబిట్లు, మొత్తం 97 కావాలి. 97 క్యూబిట్లను పైన చెప్పిన వెక్టర్ పద్ధతిలో సిమ్యులేట్ చేయడం ప్రపంచంలో ఎవరి వల్లా కాదు. అయినా స్టిమ్ చేస్తుంది, ఎందుకంటే ఈ సర్క్యూట్లలో ఉండేవి హాడమార్డ్, సీనాట్ లాంటి క్లిఫర్డ్ గేట్లు. అవి మామూలు కంప్యూటర్ మీద సమర్థంగా నడుస్తాయని గాట్స్‌మన్-నిల్ సిద్ధాంతం చెబుతుంది. కొత్త విద్యార్థులు బోల్తా పడేది గణాంకాల దగ్గర. లాజికల్ ఎర్రర్ రేటు (సరిదిద్దాక కూడా మిగిలే తప్పుల రేటు) పది లక్షలకు ఒకటి అయితే, దాన్ని 10 శాతం కచ్చితత్వంతో చెప్పాలంటే కనీసం 100 వైఫల్యాలు చూడాలి. అంటే 10 కోట్ల సార్లు నడపాలి. పది లక్షల సార్లు నడిపి ఒకే ఒక్క వైఫల్యం చూసి గ్రాఫ్ గీస్తే పరీక్షకుడు మొదటి ప్రశ్నలోనే పట్టేస్తాడు.

రిసోర్స్ ఎస్టిమేషన్, అంటే ఒక లెక్కకు ఎన్ని క్యూబిట్లు, ఎంత సమయం కావాలో అంచనా వేయడం, కూడా మంచి అంశం. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టడానికి 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరో అనే పరిశోధకులు లెక్క కట్టారు. 2025లో గిడ్నీయే క్యూబిట్ల లెక్కను పది లక్షల లోపుకు దించాడు, సమయం మాత్రం వారం లోపు దాకా పెరిగింది. క్యూబిట్ల తగ్గింపు వచ్చింది అల్గారిథమ్, ఎర్రర్ కరెక్షన్ మెరుగుదలల నుంచి. సీఎస్ విద్యార్థి చేతికి అందే పని ఇది.

వేరియేషనల్ అల్గారిథమ్‌లు (సర్క్యూట్‌లోని సంఖ్యలను మామూలు కంప్యూటర్‌తో దిద్దుకుంటూ పోయేవి), క్వాంటం మెషిన్ లెర్నింగ్ దగ్గర ఆచితూచి అడుగేయండి. ఆకర్షణ ఎక్కువ, ఉచ్చులు అంతకన్నా ఎక్కువ. సర్క్యూట్ పెరిగేకొద్దీ గ్రేడియెంట్ ఘాతీయంగా సన్నబడి ట్రైనింగ్ కదలకుండా పోయే బ్యారెన్ ప్లాటో సమస్యను 2018లోనే చూపించారు. నాలుగు క్యూబిట్ల మీద చిన్న డేటాతో వచ్చిన 95 శాతం కచ్చితత్వాన్ని చూసి మురిసిపోతే, అదే డేటా మీద లాజిస్టిక్ రిగ్రెషన్ ఎంత తెచ్చిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ బేస్‌లైన్ మీరే ముందు నడిపి ఉండాలి.

ఒక పనిముట్టు జాగ్రత్త: పాత ప్రాజెక్టు కోడ్ అలాగే నడుస్తుందని నమ్మకండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన క్విస్కిట్ 1.0 (ఐబీఎం క్వాంటం ప్రోగ్రామింగ్ సాధనం)లో పాత ఎగ్జిక్యూట్ ఫంక్షన్ తీసేశారు, దాంతో అంతకుముందు రాసిన పాఠాలు, నోట్‌బుక్‌లు చాలావరకు మొదటి లైన్లలోనే ఆగిపోతాయి. థీసిస్ మొదలుపెట్టిన రోజే వెర్షన్లు ఫైల్లో రాసి బిగించేయండి. అసలు యంత్రం మీద నడపాలనుకుంటే క్యూలో నిరీక్షణ, మధ్యలో మారే కాలిబ్రేషన్ రెండూ లెక్కలో వేసుకోండి. సోమవారం వచ్చిన ఫలితం శుక్రవారం రాకపోవచ్చు, కాబట్టి ప్రతి రన్‌తో పాటు ఆ రోజు కాలిబ్రేషన్ డేటా కూడా భద్రపరచాలి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

సీఎస్ డిగ్రీ ఇప్పుడే పూర్తయింది, ఫిజిక్స్ ఇంటర్మీడియట్‌తో ఆగింది. థీసిస్ ఉన్న సీఎస్ మాస్టర్స్ మీకు మొదటి ఎంపిక. పైన చెప్పిన మూడు మెట్ల లెక్కలో రెండో మెట్టు దాటితే ధైర్యంగా దరఖాస్తు చేయండి.

ఫిజిక్స్ డిగ్రీ ఉంది, సాఫ్ట్‌వేర్ వైపు రావాలని ఉంది. ప్రత్యేక క్వాంటం డిగ్రీ బాగా నప్పుతుంది. ఎలక్టివ్‌లన్నీ అల్గారిథమ్‌లు, కంపైలర్ల వైపు తిప్పండి. డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌ల కోర్సు చేసి ఉండకపోతే చేరేలోపు పూర్తిచేయండి, ఇంటర్వ్యూలలో అడిగేది అదే.

ఐదారేళ్లుగా ఉద్యోగంలో ఉన్నారు. జీతం వదులుకుని రెండేళ్లు కూర్చోవడం అందరికీ కుదిరే పని కాదు. పక్క తలుపు దారి చూడండి: ఇప్పుడున్న నైపుణ్యం సిస్టమ్స్ అయితే సిమ్యులేటర్లు, సెక్యూరిటీ అయితే పోస్ట్ క్వాంటం క్రిప్టోగ్రఫీ. కోర్సులతో ముగిసే పార్ట్‌టైమ్ మాస్టర్స్ ఒక్క మీకు మాత్రమే నిజంగా ఉపయోగపడుతుంది.

పీహెచ్‌డీ చేయాలని ముందే ఖాయం. కొన్ని దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు, జీతం కూడా వస్తుంది. పరిశోధన అనుభవం ఉంటే సొంత డబ్బుతో మాస్టర్స్ చేయడం అనవసర ఖర్చు. అనుభవం లేకపోతే థీసిస్ మాస్టర్స్ తప్పనిసరి. మధ్యే మార్గాలు వెతక్కండి.

అప్పు మీద ఆధారపడి చదువుతున్నారు. ట్రాన్స్‌క్రిప్ట్ మీద కంప్యూటర్ సైన్స్ అన్న పేరు ఉండే దారినే ఎంచుకోండి.

## దరఖాస్తు నుంచి సీటు దాకా

చాలా చోట్ల గడువు చేరడానికి ఎనిమిది, తొమ్మిది నెలల ముందే, డిసెంబరు, జనవరి ప్రాంతంలో ముగుస్తుంది. వెనక్కి లెక్క వేసుకుంటే సెప్టెంబరుకల్లా జాబితా సిద్ధంగా ఉండాలి.

ముందుగా ప్రొఫెసర్ల పేజీలు కాదు, విశ్వవిద్యాలయ లైబ్రరీలో థీసిస్‌ల భాండాగారం తెరవండి. గత మూడేళ్లలో మాస్టర్స్ థీసిస్‌లు క్వాంటం మీద ఎన్ని వచ్చాయి, ఏ విభాగం నుంచి, ఎవరి దగ్గర? అక్కడ కనిపించిన పేర్లే నిజంగా విద్యార్థులను తీసుకుంటున్న గైడ్లు. వెబ్‌సైట్లో పదిమంది పేర్లుండి, థీసిస్‌లు ఇద్దరి దగ్గరే వస్తుంటే మీకున్నది ఇద్దరే.

గైడ్‌కు రాసే మెయిల్ పది లైన్లు దాటకూడదు. ఆయన ఇటీవలి ఒక పేపర్‌లో ఫలానా భాగం చదివాను, ఫలానా చోట ఈ ప్రశ్న వచ్చింది, నేను ఇంతకుముందు చేసిన పని ఇది, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా: ఇంతే. అందరికీ ఒకే మెయిల్ పంపితే పేరు మార్చడం మరిచిపోయేవాళ్లు ఏటా ఉంటారు. జవాబు రాకపోతే రెండు, మూడు వారాలకు ఒక్కసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేయండి.

స్టేట్‌మెంట్‌లో ష్రోడింగర్ పిల్లి, ప్రపంచాన్ని మార్చేసే కంప్యూటర్ లాంటి ఉపోద్ఘాతాలు తీసేయండి. మీరు రాసిన సిమ్యులేటర్, నిరూపణ, ప్రాజెక్టులో ఎక్కడ చిక్కుకున్నారు, ఎలా బయటపడ్డారు, ఇవి రాయండి. సొంతంగా 200 లైన్లలో స్టేట్ వెక్టర్ సిమ్యులేటర్ రాసి, దానిమీద గ్రోవర్ అల్గారిథమ్ నడిపి చూపించినవాళ్లు, పది ఆన్‌లైన్ సర్టిఫికెట్లు జతచేసినవాళ్లకన్నా ముందుంటారు. సిఫారసు లేఖల్లో ఒక్కటైనా మీ లెక్కలు చూసిన అధ్యాపకుడి నుంచి ఉండాలి, ఆయన క్వాంటం మనిషి కాకపోయినా ఫరవాలేదు.

రెండు చోట్ల సీటు వచ్చి తేల్చుకోలేకపోతే, రెండు చోట్లా గైడ్‌గా అనుకుంటున్న మనిషినీ, ఆయన దగ్గర ఇప్పుడున్న ఒక విద్యార్థినీ విడివిడిగా ఇవే ప్రశ్నలు అడగండి: విద్యార్థిని వారానికి ఎంతసేపు కలుస్తారు, గత ఇద్దరు మాస్టర్స్ విద్యార్థులు ఎన్ని నెలలకు ముగించారు, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, రెండో ఏడాదికి నిధులు కాగితం మీద ఉన్నాయా లేక నోటి మాటేనా? గైడ్ చెప్పినదీ విద్యార్థి చెప్పినదీ కలిసే చోటుకు వెళ్లండి.